మా చేలో సోయాను మా పళ్ళెంలోకి తెచ్చుకున్న పద్ధతి

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో ఒక పల్లె. పక్కనే బాసర, రైలెక్కితే నిజామాబాద్. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. మృగశిరలో నాలుగు వానలు పడగానే ఇక్కడ చేలన్నీ సోయాతో నిండిపోతాయి. మాకున్న ఆరెకరాల్లో నాలుగెకరాలు అదే వేస్తాం. అక్టోబర్‌లో కోసి, మిషన్ పట్టించి, బస్తాలు కుట్టి నేరుగా మోండాకు, అంటే ధాన్యం మార్కెట్‌కు పంపేస్తాం. నేను ఈ ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్లయింది. అందులో పద్దెనిమిదేళ్లు ఒక్క సోయా గింజ కూడా మా వంటింటి గడప దాటలేదు. "అది నూనె మిల్లుకు పోయే సరుకమ్మా, మనం తినేది కాదు" అనేవారు మా అత్తమ్మ.

ఇప్పుడు మా ఇంట్లో వారానికి మూడు రోజులు సోయా ఉంటుంది. మా బచత్ గట్‌లో (పొదుపు సంఘంలో) ఆడవాళ్లు నన్ను పదేపదే అడిగేది ఒక్కటే, "అక్కా, సోయా తింటే మంచిదా, చెడ్డదా?" అని. నా జవాబు ఇది: బాగా ఉడికిన సోయా, తగినంత తింటే మంచిది. సరిగా ఉడకని సోయా చెడ్డది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు వేళ చూసుకోవాలి. ఒంటికి పడనివాళ్లు ముట్టకూడదు. మగవాళ్ల గురించీ క్యాన్సర్ గురించీ ఫోన్లలో తిరిగే భయాలు చాలావరకు వట్టివే. ఒక్కోటీ చెప్తాను.

ముందు నేను చేసిన పొరపాటు చెప్పాలి. నాలుగేళ్ల కింద అత్తమ్మకు టైఫాయిడ్ వచ్చి తగ్గాక మనిషి బాగా చిక్కిపోయారు. డాక్టరు ప్రోటీన్ పెట్టమన్నారు. కందిపప్పు 100 గ్రాముల్లో ప్రోటీన్ 22 గ్రాముల దాకా ఉంటే సోయా గింజల్లో 36 నుంచి 40 గ్రాములు ఉంటుందని తెలిసి, మోండాకు పోవాల్సిన బస్తా విప్పి ఐదు కిలోలు తీశాను. ఇరవై కిలోల జొన్నల్లో పచ్చివే కలిపేసి గిర్నీకి పంపాను. రొట్టె చేస్తుంటేనే ఒక రకం పచ్చి వాసన. తింటే నాలుక చివర చేదు. రెండో రోజుకు మా ఆయనకు కడుపు ఉబ్బరం, చిన్నవాడికి విరేచనాలు. ఎవరి బలం కోసమని చేశానో ఆ అత్తమ్మే రెండు రోజులు గంజి తాగి పడుకున్నారు. ఆ పిండంతా తీసి పారబోశాను. అప్పుడు పడ్డ బాధ వల్లే దీని గురించి పట్టుగా తెలుసుకున్నాను.

జరిగింది ఇదీ. మన పేగుల్లో ప్రోటీన్‌ను అరిగించడానికి ట్రిప్సిన్ అనే ఎంజైము పనిచేస్తుంది. పచ్చి సోయాలో దాన్ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. బాగా వేడి తగిలితేనే అవి చాలావరకు చచ్చుబడతాయి. రొట్టె పెనం మీద రెండు నిమిషాలు కాలితే ఆ వేడి చాలదు. కడుపుబ్బరానికి ఇంకో కారణం ఉంది. సోయాలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని మన పేగులు అరిగించుకోలేవు, పెద్దపేగులో సూక్ష్మజీవులు పులియబెట్టి గ్యాస్ చేస్తాయి. నానబెట్టిన నీళ్లు, ఉడికించిన నీళ్లు పారబోస్తే అవి కొంత పోతాయి. పప్పు ఉడికిన కట్టుతో చారు పెట్టుకునే అలవాటు మనది. సోయా నీళ్లతో మాత్రం ఆ పని చేయకండి.

ఏ గింజ తీసుకోవాలి

రైతు ఇళ్లలో ఇదే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, అందుకే ముందు చెప్తున్నాను. విత్తనాల సంచిలో మిగిలిన గింజలు ఎప్పుడూ తినకూడదు. బూజు తెగుళ్లు రాకుండా వాటికి మందు పట్టించి ఉంటారు. గులాబీ రంగో ఎరుపు రంగో వేళ్లకు అంటుతుంది. కడిగితే రంగు పోతుంది గానీ మందు పోయిందని నమ్మడానికి లేదు. ఇంట్లోనే మందు కలిపిన విత్తనమైతే రంగు కూడా కనిపించకపోవచ్చు. మిగిలిన ఆ సంచిని పిల్లలకు, గొడ్లకు అందకుండా వేరే గదిలో పెట్టండి. దానికి వాడిన డబ్బా, చేట వంటింట్లోకి తేకండి.

రెండోది, కోత వేళ వాన తగిలిన పంట. రెండు మూడేళ్లకోసారి అక్టోబర్‌లో వాన కొట్టి చేలో కుప్పలు తడుస్తాయి, గింజ నల్లబడుతుంది, బూజు వాసన వస్తుంది. ఆడత్‌లో (కమీషన్ దుకాణంలో) దాన్ని తక్కువ ధరకైనా కొంటారు కాబట్టి అమ్ముకుంటాం. తినడానికి మాత్రం వద్దు. బూజులో ఉండే విషాలు ఉడికించినా పూర్తిగా పోవు. పసుపు పచ్చగా, గుండ్రంగా, కొరికితే టక్కున విరిగే ఎండు గింజలే ఏరి పెట్టుకోండి. నేను కోత అయిన వారంలోనే మంచి బస్తాలోంచి పది కిలోలు తీసి, ఏరి, స్టీలు డబ్బాలో పోసేస్తాను.

జన్యుమార్పిడి విత్తనమేమో అని కొందరు టెన్షన్ పడతారు. మన దేశంలో రైతులు అనుమతితో అమ్మకానికి సాగు చేస్తున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. ఇక్కడ చాలాకాలం అందరూ వేసిన జేఎస్ 335 రకం జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది, 1994లో విడుదలైంది. అది మామూలు సంకరంతో చేసిన రకమే.

రొట్టె పిండికి గింజను సిద్ధం చేయడం

పెద్ద గిన్నెలో ఐదు లీటర్ల నీళ్లు పెట్టి తెర్ల కాగనివ్వండి. అవి మరుగుతున్నప్పుడే కిలో గింజలు పోయాలి. చల్లనీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టకూడదు. గింజ చితికి నీళ్లు తగిలినప్పుడు అందులోని ఒక ఎంజైము మేల్కొని ఆ పచ్చి వాసన పుట్టిస్తుంది. మరిగే నీళ్లలో పడితే అది లేవకముందే చస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక మా ఇంట్లో "వాసన" అనే మాటే పోయింది.

పోసిన రెండు మూడు నిమిషాల్లో తెల్లటి నురుగు గిన్నె అంచు దాకా లేస్తుంది. గరిటెతో తీసేయండి, మంట కాస్త తగ్గించండి, గిన్నె నిండా పోయకండి. అలా 25 నుంచి 30 నిమిషాలు ఉడకాలి. గుండ్రంగా ఉన్న గింజ నీళ్లు తాగి పొడుగ్గా, చిక్కుడు గింజలా మారుతుంది. పొట్టు వదులై ముడతలు పడుతుంది. ఒకటి తీసి నోట్లో వేసుకుంటే చేదు ఉండకూడదు, పచ్చి శనగల్లా కమ్మగా తగలాలి. అప్పుడు నీళ్లు వంచేసి, చన్నీళ్లు పోసి రెండు అరచేతుల మధ్య రుద్దితే పొట్టు పైకి తేలుతుంది. దాన్ని వంచేయండి. అంతా పోవాలని లేదు, ముప్పాతిక పోయినా చాలు.

తర్వాత మిద్దె మీద పాత చీర పరిచి పలచగా ఆరబోయాలి. నవంబర్ ఎండకు నాకు మూడు రోజులు పడుతుంది. మూడో సాయంత్రం గింజను పళ్ల మధ్య పెడితే కటుక్కున విరగాలి. మెత్తగా నొక్కుకుంటే ఇంకో రోజు ఎండబెట్టండి. తడి ఉంటే గిర్నీ రాయికి అంటుకుంటుంది, గిర్నీ ఆయన మళ్లీ మన డబ్బా పట్టడు.

తొమ్మిది కిలోల జొన్నలకో గోధుమలకో ఒక కిలో ఈ గింజలు. అంతకు మించి కలిపితే జొన్న రొట్టె అంచులు పగులుతాయి, చేత్తో తట్టడం కష్టం. గోధుమకైతే ఇంకాస్త ఎక్కువైనా సాగుతుంది. సోయాలో నూనె 20 శాతం దాకా ఉంటుంది కాబట్టి పిండి నిలవ ఉంటే ముక్కిపోతుంది. మేం పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టిస్తాం. వేసవిలో అయితే పది రోజులకే.

జొన్నలో, గోధుమలో లైసిన్ అనే ప్రోటీన్ భాగం తక్కువ. సోయాలో అది బాగా ఉంటుంది. సోయాలో కొంచెం తక్కువైన మిథియోనిన్‌ను జొన్న, గోధుమ పూరిస్తాయి. అందుకే నాకు అన్ని పద్ధతుల్లోకీ ఈ రొట్టె మీదే నమ్మకం ఎక్కువ. వేరే కూర చేయాల్సిన పని లేదు, ఎవరికీ కొత్తగా అలవాటు చేయాల్సిన పనీ లేదు.

గుగ్గిళ్లు కావాలంటే గింజలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్లో పెట్టండి. కుక్కర్ సగానికి మించి నింపకూడదు, ఒక చెంచా నూనె వేయాలి. నురుగు, పొట్టు విజిల్ రంధ్రానికి అడ్డం పడితే ప్రమాదం. వేళ్ల మధ్య పెట్టి నలిపితే వెన్నలా మెదగాలి. తాలింపు, పచ్చిమిర్చి, పైన నిమ్మరసం తప్పక పిండండి. సోయాలో ఇనుము ఉన్నా ఫైటేట్ అనే పదార్థం దాన్ని ఒంటికి అంతగా పట్టనివ్వదు. నిమ్మలోని విటమిన్ సి ఆ అడ్డును తగ్గిస్తుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే ఇనుము ఇంకా తక్కువ పడుతుంది, గంట ఆగండి.

పాలు

100 గ్రాముల గింజలు ఎనిమిది గంటలు నానబెట్టి, నీళ్లు పారబోసి, పొట్టు తీసి, వేడి వేడి నీళ్లతోనే రుబ్బి, పలుచటి గుడ్డలో పిండితే లీటరు దాకా పాలు వస్తాయి. ఇక్కడ చాలామంది మోసపోతారు. పొయ్యి మీద పెట్టిన కాసేపటికే బర్రె పాలలా బుస్సున పొంగుతాయి. కాగాయి అనుకుని దించేస్తారు. అది నురుగు పొంగు, పాలు ఇంకా మరగలేదు. మంట తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ ఆ తర్వాత 15 నుంచి 20 నిమిషాలు మరగనివ్వాలి. పిండగా మిగిలిన పిప్పి పారేయకండి, ఉల్లిపాయ, కొత్తిమీర, శనగపిండి కలిపి వడలు వేయండి, లోపల దాకా వేగనివ్వండి. అవే పాలు మరిగాక నిమ్మరసంతో విరిచి, గుడ్డలో కట్టి బరువు పెడితే సోయా పనీర్.

ఇంట్లో చేసిన సోయా పాలల్లో కాల్షియం బర్రె పాలకన్నా చాలా తక్కువ. పాలు పడేవాళ్లు ఉన్న పాలు మానేసి వీటికి మారాల్సిన పని లేదు. ఏడాది లోపు పసిపిల్లలకు ఈ పాలు పట్టకూడదు. తల్లిపాల చోట వీటిని పోయాలనే ఆలోచన అసలే వద్దు.

మీల్ మేకర్

పట్నం దుకాణంలో దొరికే మీల్ మేకర్, ఇక్కడ మరాఠీ వాళ్లు సోయా వడి అంటారు, మన గింజదే. నూనె తీసేయగా మిగిలిన పిండిని వేడితో, ఒత్తిడితో మిషన్‌లోంచి తోసి చేస్తారు. అందుకే అందులో కొవ్వు నామమాత్రం, ప్రోటీన్ 50 శాతం దాకా. వేడి తగిలినదే కాబట్టి పచ్చి గింజ భయం దీనికి లేదు. మరిగే ఉప్పునీళ్లలో వేసి ఐదు నిమిషాలు ఉడికించి, మూతపెట్టి ఇంకో పది నిమిషాలు ఉంచండి. ఆ నీళ్లు పిండేసి, చన్నీళ్లు పోసి మళ్లీ పిండండి. రెండోసారి పిండినప్పుడు నురుగు, పసుపు నీళ్లు పోతాయి, కూరలో ఆ రబ్బరు వాసన ఉండదు. ఆ తర్వాత ధర్మాబాద్ ఎర్ర మిరపకారం, అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించి ఒక గంట ఉంచితే ముక్క లోపలికి ఉప్పు కారం దిగుతుంది. చిన్నపిల్లలకు ముక్కలు అలాగే పెట్టకండి, తరిగి పెట్టండి. గొంతులో ఇరుక్కుంటాయి.

ఎంత తినాలి? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. మా అత్తమ్మ 50 కిలోలు, అంటే రోజుకు 41 గ్రాముల పైచిలుకు. మా ఇంట్లో చిన్న గిన్నెడు ఎండు మీల్ మేకర్ తూకం వేస్తే 30 గ్రాములు వచ్చింది. అందులో ప్రోటీన్ 15 గ్రాములు, అంటే రెండు కోడిగుడ్లకు పైమాటే. తూకం ఎప్పుడూ ఎండు ముక్కలదే చూడండి. నానాక నీళ్లు తాగి రెండు మూడింతలు బరువవుతుంది, దాన్ని తూచి 50 శాతం ప్రోటీన్ అనుకుంటే లెక్క తప్పుతుంది. మనిషికి రోజుకు 25 నుంచి 30 గ్రాములు ఎండుది, లేదా ఒక గ్లాసు పాలు, లేదా చిన్న గిన్నె గుగ్గిళ్లు చాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అందులో సగంతో, వారానికి రెండు సార్లతో మొదలుపెట్టండి. పప్పు, గుడ్డు, పల్లీలు మానేసి సోయా ఒక్కటే తినడం నాకు నచ్చదు.

సోయా పేరు ఉన్నవన్నీ సోయా తిండి కావు. సోయా నూనెలో ప్రోటీన్ ఉండదు. సోయా సాస్ ఒక పెద్ద చెంచాలో సోడియం 900 మిల్లీగ్రాముల దాకా, అంటే రెండు గ్రాములకు పైగా ఉప్పు. రోజంతటికీ ఉప్పు ఐదు గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీపీ ఉన్నవాళ్లు బండి మీద మంచూరియా తిని "సోయా తిన్నాను" అనుకోకూడదు.

ఎవరు జాగ్రత్తపడాలి

నిజామాబాద్‌లో ఉండే మా పెద్ద ఆడబిడ్డకు థైరాయిడ్ తక్కువ. పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటారు. నా మాట విని ఏడింటికల్లా సోయా పాలు తాగడం మొదలుపెట్టారు. మూడు నెలలకు పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాయిడ్ తగ్గితే పెరిగే అంకె) పెరిగింది. డాక్టరు తిండి గురించి అడిగి సంగతి పట్టుకున్నారు. లెవోథైరాక్సిన్ మాత్ర పేగుల్లోంచి ఒంట్లోకి చేరకుండా సోయా అడ్డుపడుతుంది. "వదినా, మానేయక్కర్లేదు, మధ్యాహ్నానికి మార్చండి" అన్నాను. డాక్టరు కూడా అదే చెప్పారట. మాత్రకూ సోయాకూ నాలుగు గంటల ఎడం పెట్టుకున్నారు, రోజూ ఒకే మోతాదు తింటున్నారు. తర్వాతి పరీక్షలో అంకె దిగింది. థైరాయిడ్ జబ్బు లేనివాళ్లకు, అయోడిన్ ఉప్పు వాడేవాళ్లకు సోయా వల్ల కొత్తగా ఆ జబ్బు వస్తుందనే భయం అక్కర్లేదు.

సోయా కొందరికి పడదు. తిన్న కాసేపటికి పెదాలు దురద, దద్దుర్లు, వాంతి, ముఖం వాపు వస్తే అంతటితో ఆపేయాలి. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలకు మొదటిసారి పెట్టేటప్పుడు కొంచెమే పెట్టి చూడండి. కిడ్నీ జబ్బుతో ప్రోటీన్ తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు అడగకుండా మొదలుపెట్టకూడదు. మాటిమాటికీ కిడ్నీలో రాళ్లు వచ్చేవాళ్లు కూడా అడగాలి, సోయాలో ఆక్సలేట్ ఎక్కువ.

ఇక మగవాళ్ల భయం. మా పెద్దవాడు నాందేడ్‌లో చదువుకుంటూ జిమ్‌కు పోతాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మా, మీల్ మేకర్ తింటే ఆడవాళ్ల హార్మోన్ పెరుగుతుందట, రొమ్ములు వస్తాయట, ఇంక వండకు" అన్నాడు. సోయాలో ఐసోఫ్లేవోన్లు ఉన్న మాట నిజం. వాటి రూపం ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజన్‌ను పోలి ఉంటుంది, కానీ పని చాలా బలహీనం. మగవాళ్ల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2010లో ఒకసారి, 2021లో మరోసారి లెక్కగట్టారు. మగవాళ్ల హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గలేదు, ఈస్ట్రోజన్ పెరగలేదు. ఆ భయానికి మూలమైన కేసు కూడా ఉంది. అమెరికాలో 60 ఏళ్ల మనిషి రోజుకు మూడు లీటర్లకు దగ్గరగా సోయా పాలు తాగి రొమ్ముల వాపు తెచ్చుకున్నాడు. మానేశాక తగ్గింది, 2008లో డాక్టర్లు రాశారు. "నువ్వు తినేది గిన్నెడు నాన్నా, బిందెడు కాదు" అని చెప్పాను. ఇప్పుడు వాడే వండుకుంటున్నాడు.

రొమ్ము క్యాన్సర్ గురించి మా గట్‌లో ఒక అక్క కళ్లనీళ్లు పెట్టుకుని అడిగింది. ఆపరేషన్ అయి రెండేళ్లయింది, ఎవరో సోయా ముట్టొద్దన్నారని ఇంట్లో ఆ రొట్టె కూడా మానేసింది. షాంఘైలో ఆ జబ్బు నుంచి బయటపడ్డ 5 వేల మందికి పైగా ఆడవాళ్లను గమనించి 2009లో ఫలితాలు చెప్పారు. సోయా తిండి ఎక్కువ తిన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం, చనిపోవడం తక్కువగానే కనిపించింది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ కూడా సోయా తిండి భయపడాల్సింది కాదనే చెబుతుంది. ఇదంతా తిండి గురించి. ఐసోఫ్లేవోన్ మాత్రలు, పొడులు వేరు, అవి డాక్టరును అడగకుండా మింగకూడదు. ఆమెను తన డాక్టరుకు చూపించుకుని అడగమని చెప్పాను. అడిగి వచ్చి మళ్లీ రొట్టె మొదలుపెట్టింది.

గుండెకు మందులా పనిచేస్తుందని కొందరు అతిగా చెబుతారు, అదీ ఒప్పుకోను. రోజుకు 25 గ్రాముల సోయా ప్రోటీన్ గుండెకు మేలు చేయొచ్చని పొట్లాల మీద రాసుకోనిచ్చిన అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999 నాటి ఆ అనుమతిని వెనక్కి తీసుకోవాలని 2017లో ప్రతిపాదించింది. చెడు కొలెస్ట్రాల్ తగ్గేది మూడు నాలుగు శాతమే. కొవ్వు మటన్ బదులు సోయా తింటే లాభం ఉంటుంది, కానీ మా మామయ్య కొలెస్ట్రాల్ మాత్ర మాత్రం ఒక్క రోజు కూడా ఆపలేదు.

ఈసారి పండిన గింజల్లోంచి తీసిన పది కిలోలూ ఏరడం అయిపోయింది. ఆదివారం గట్ ఆడవాళ్లు ఆరుగురు మా మిద్దె మీదికి వస్తామన్నారు. ఎవరి గింజలు వాళ్లు, ఎవరి పాత చీర వాళ్లు తెచ్చుకుంటారు. పెద్ద గిన్నె, కట్టెలు నావి. విత్తనాల సంచిలో మిగిలినవి ఎవరూ తేకూడదని ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి చెప్పాను.